ధూళికి గడి

సొహార్ చేపల మార్కెట్ శీతల గిడ్డంగిలో
పోయిన జులైలో డ్రైవ్ పేలింది.
తెల్లారేసరికి పదకొండు వందల కిలోల వంజరం
నీరు కారి, కళ్లు తేలేసి.
ఆ వాసన ఇంకా నా బ్యాగు జిప్పులో ఉంది.

పేలింది గోరంత సిలికాన్ ముక్క.
దాని చోట ఏది పెట్టాలో
ఇవాళ తెర మీద వెతుకుతున్నాను.

ఈ సిమ్యులేటరు మర్యాదస్తురాలు.
సంబంధం మాట్లాడవచ్చిన పెద్దమ్మలా
ఒక్కొక్కటే అడుగుతుంది.
వోల్టేజి ఎంత? ఆరు వందలు.
కరెంటు? నలభై ఆంపియర్లు.
సెకనుకి ఎన్నిసార్లు తెరిచి మూయాలి?
ఎనిమిది వేలసార్లు తల్లీ, ఎనిమిది వేలు.

చుట్టూ గాలి వేడిమి ఎంత అనే గడిలో
నేను ముట్టకముందే నలభై అని ఉంది.
ఆ నలభై రాసినవాళ్లు
స్వెట్టర్ వేసుకుని రాసి ఉంటారు.
నేను రామగుండం పిల్లను,
బొగ్గు కుప్పల పక్కనుంచి బడికి నడిచినదాన్ని.
నలభైని మా ఇంట్లో ఎండ అనరు,
ఉక్కపోత అంటారు.
కొట్టేసి అరవై రెండు పెట్టాను:
మే నెల, మధ్యాహ్నం, రేకు పెట్టె లోపల.

మీట నొక్కాను.
అవతల ఎక్కడో ఒక యంత్రం
నా వేసవినంతా కాసేపట్లో అనుభవించేసింది.

మూడు గీతలు లేచాయి.
మొదటిది నూట డెబ్బై ఒకటి. నూట డెబ్బై అయిదు దాటితే చావే.
రెండోది నూట యాభై ఎనిమిది. పక్కన పచ్చని టిక్కు.
మూడోది సిలికాన్ కార్బైడ్, నూట ఇరవై ఒకటి దగ్గర
చలువ పందిరి కింద కూచున్నట్టు కూచుంది.
దాని ధర చూసి కుర్చీ వెనక్కి జరిపాను.

రెండోదే ఖాయం, అనుకుంటుండగా
ఓదెలు వచ్చాడు,
చేతిలో పాత టూత్‌బ్రష్షు,
పేలిన డ్రైవ్ రెక్కల మధ్యనుంచి గీకిన దుమ్ము
కాగితంలో పొట్లం కట్టుకుని.
ఉప్పూ ఇసుకా చేపల తడీ కలిసి
పాత పరుపులో దూదిలా ఉంది.

"మేడం, రాత్రిపూట సగం లోడు మీద చెయ్యి వెట్టి సూస్త.
కొత్తల ఏడు లెక్కవెట్టేదాంక ఆగేది.
షమాల్ గాలి కొట్టినంక మూడు గూడ కష్టం."

నేను మళ్లీ తెర చూశాను.
వోల్టేజికి గడి ఉంది, వేడికి గడి ఉంది,
ధూళికి లేదు.
హీట్‌సింక్ నిరోధం అని ఒకటుంది గాని
అందులో నేను దించింది కేటలాగు మాట:
సున్నా పాయింట్ ఒకటి రెండు.
ఆ రెక్కలు ఎప్పుడూ గాలివాన చూడనివి.

ఆ రాత్రి గిడ్డంగి వెనక ఇద్దరం నిలబడ్డాం.
కడిగిన రెక్కల మీద నా థర్మోకపుల్ యాభై మూడు అంది,
ఆయన అరచెయ్యి ఏడు అంది.
పొట్లంలాంటి దుమ్ముతోనే పూడిన రెక్కల మీద
అది అరవై అయిదు,
ఇది మూడు.
రెండు వాంగ్మూలాలూ కలిశాయి.
లెక్క తేలింది: సున్నా పాయింట్ రెండు.

పొద్దున మీట నొక్కితే
పచ్చ టిక్కు లేదు.
నూట ఎనభై రెండని ఎర్రగా వెలిగింది.
కార్బైడ్ నూట ముప్పై మూడుకి జరిగి
మళ్లీ కాళ్లు చాపుకుంది.

ఖమీస్ అల్ బలూషీ ధర చూడలేదు ముందు,
చివరి వరుస చూశాడు.
ప్రతి అంకెకీ మూలం రాయాలి మా కంపెనీలో,
కేటలాగు పేరు, పేజీ నంబరు.
సున్నా పాయింట్ రెండు ఎదురుగా నేను రాసింది:
ఓదెలు, కుడిచెయ్యి.
రెండుసార్లు చదివి, గడ్డం నిమురుకుని,
ఏమీ అనకుండా సంతకం పెట్టి పంపించాడు.

మధ్యాహ్నం అకౌంట్స్ నుంచి ఫోను.
"ఈ ఓదెలు ఏ దేశపు కంపెనీ?
మన సప్లయర్ల జాబితాలో లేదే?"

అద్దం అవతల షెడ్డులో
ఇంకో డ్రైవ్ మూత విప్పి ఉంది.
ఆయన రెక్కల మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.
నేను ఫోను చెవిన పెట్టుకునే
ఆయన పెదాల వైపు చూస్తున్నాను.
నాలుగు.
అయిదు.